బొజ్జ కిటికీకి పరదాలు

మా ఊరు దేవరుప్పులకు అవతల ఉంటుంది. ఊరి గడీకి మేడ మీద, పెద్ద దర్వాజకు సరిగ్గా పైన, ఒక కిటికీ ఉంది. అది గోడలో ఉండదు. గోడను దాటి వీధి మీదికి పొడుచుకొచ్చి ఉంటుంది. ముందు వెడల్పుగా ఒక పలక, దానికి రెండు పక్కల ఏటవాలుగా రెండు పలకలు. నడుము ఎత్తు దాకా గోడ, ఆ పైన అద్దాలు. హైదరాబాద్‌లో ఎవరిదో బంగ్లాకు చూసి దొర అట్లాంటిదే కట్టించుకున్నాడు. గడీవాళ్లు దాన్ని బుర్జు కిటికీ అంటారు. ఊళ్లో ఆ మాట ఎవరూ వాడరు. ఊరికి అది బొజ్జ కిటికీ. తిని తిని గడీకి బొజ్జ వచ్చిందని మా అవ్వ అనేది.

అద్దాల వెనక సన్నని చెక్కలు పేర్చిన రెక్కల తలుపులు ఉండేవి. దొర వాటి సందుల్లోంచి వీధిని చూసేవాడు. వీధికి ఆయన కనపడేవాడు కాదు. గడీ ముందు నుంచి పోయే మనిషి మూడు పనులు చేయాలి. చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకోవాలి. గొడుగుంటే ముయ్యాలి. వీటిలో ఒకటి తప్పినా పైనుంచి పేరు పెట్టి పిలుపు వచ్చేది. పిలిచిన మనిషి కనపడడు, పిలుపు ఒక్కటే వస్తుంది. చిన్నప్పుడు నేను ఆ కిటికీకే నోరుందని అనుకునేవాణ్ని.

దొరలకు ఎదురు తిరిగిన సంఘం బలపడ్డాక దొర హైదరాబాద్ పారిపోయాడు. ఊరు గడీలోకి పోయింది. రెక్కల తలుపులు ఊడబెరికి పొయ్యిల్లో పెట్టారు. వాటితో పాటే గడీ మూరకట్టెనూ కాల్చేశారు.

ఈ కట్టె సంగతి ఇక్కడే చెప్పాలి. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా అని అందరికీ తెలుసు. మా గడీలో అట్లా కాదు. అక్కడ వేపకట్టె మీద గీత పెట్టిన మూర ఒకటి ఉండేది. అది దొర తాత చేయి అనేవాళ్లు. మామూలు మూర పద్దెనిమిది అంగుళాలైతే ఆ కట్టె ఇరవై నాలుగు అంగుళాలు. అంత చేయి ఉన్న మనిషి బతికి ఉండగా నడిచే తీరు ఎట్లా ఉండేదో నేను ఊహించుకోలేను. సాలెవాళ్లు గడీకి ఊరికే నేసి ఇయ్యాల్సిన బట్టను గడీవాళ్లు ఆ కట్టెతో కొలిచి తీసుకునేవారు. గడీ నుంచి బయటికి ఏదైనా గుడ్డ ఇయ్యాల్సి వస్తే మాత్రం అక్కడున్న వాళ్లలో అందరికన్నా పొట్టి జీతగాణ్ని పిలిచి వాని చేయితో కొలిచేవారు. దొర కళ్లకు ఇందులో వంకర ఏమీ కనపడేది కాదు. అది ఇంటి ఆచారం.

యూనియన్ మిలిటరీ వచ్చినప్పుడు రజాకార్లు పోయారు. దొరల పని కూడా అయిపోయిందనుకున్నాం. మా దొర మిలిటరీ బండి వెనకనే, నెత్తి మీద కొత్త ఖద్దరు టోపీతో తిరిగొచ్చాడు. సంఘం దళం వాళ్లు భూపాలపల్లి అడవుల దిక్కు పోయారు. ఊరి బయట మిలిటరీ క్యాంపు పడింది. మళ్లీ చెప్పులు చేతుల్లోకి వచ్చాయి.

మేము మేరవాళ్లం, బట్టలు కుట్టడం మా పని. బాపుకు ఒక చేతి మిషిను ఉండేది. పెండ్లి నాడు తొడుక్కున్న వెండి కడియాన్ని అమ్మి కొన్నాడు. దాని పిడి చెక్క బాపు అరచేయి పట్టే చోట లోపలికి అరిగి ఉండేది. దొర వచ్చిన వారంలోనే మనుషుల్ని పంపి దాన్ని ఎత్తుకుపోయాడు. సంఘానికి ఎర్రజెండాలు కుట్టిన మిషిను అన్నాడు. కుట్టిందే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, బాపు కాదనలేదు. మిషిను లేక బాపు సూదితో కుట్టేవాడు. ఒక రవికె అయ్యేలోపల పొద్దు గూకేది. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రెండో పూట అన్నం ఉండేది కాదు. నాకు ఎందుకు ఉండేదంటే నేను చదువుకున్నవాణ్ని. హైదరాబాద్‌లో, ఉర్దూలో, నక్షాలు గీయడం, కట్టడాలు కొలవడం నేర్చుకుని వచ్చాను. ఆ చదువు ఎవరికీ అక్కర రాలేదు, కిటికీకి పరదాలు కావాలని దొరకు బుద్ధి పుట్టేదాకా.

పిలిపించాడు. పోయాం. బాపు చెప్పులు దర్వాజ అవతల విడిచాడు. నేను అసలు తొడుక్కుని పోలేదు. విడిచే పని ఉండదని.

“నీ కొడుకు పట్నంల కొలతలు నేర్చిండట గద,” అన్నాడు దొర బాపుతో. నేను పక్కనే ఉన్నా నాతో మాట్లాడలేదు. “బుర్జు కిటికీకి రెక్కలు పీకి పొయ్యిల వెట్టిండ్రు లంగలు. గిప్పుడు నేను నిలవడితె ఊరంత నన్నే చూస్తది. నేను ఊరిని చూడాలె గని, ఊరు నన్ను చూసుడేంది? పరదాలు గట్టాలె. నీ కొడుకు కొలుస్తడు, నువ్వు కుడ్తవ్. కిటికీ మూసుకున్న నాడు నీ మిషిను తీస్కపో.”

“మూయకపోతె?” అని అడిగాను.

అప్పుడు నన్ను చూశాడు. “మూయకపోతె క్యాంపుల దర్జీకి మిషిను లేదట. ఆయితారం క్యాంపు బండి వస్తది.”

బయటికి వచ్చాక బాపు చెప్పులు చేత పట్టుకుని వీధి మలుపు దాకా నడిచాడు. మలుపు తిరిగాక తొడుక్కుని అన్నాడు, “మనం కుట్టేది పరదా గాదు కొడుకా. వాని కన్ను.”

“మరి ఒద్దందామా?”

“మిషిను?”

నాకు దొర మీద ఎంత కోపం ఉందో బాపు మీద కూడా అంత వచ్చింది. నాలుగు మాటల్లో మొత్తం లెక్క నా నెత్తిన పెట్టి ముందు నడుస్తున్నాడు.

మర్నాడు కొలవడానికి పోయాను. బాపు టేపు, నా మూలమట్టం, కాగితం, పెన్సిలు. ఇట్లాంటి కిటికీకి పరదా కట్టడం మామూలు కిటికీకి కట్టినట్టు కాదు. ముందు కడ్డీ ఎక్కడ వేయాలో తేల్చుకోవాలి. పలకల వెంట వేస్తే కడ్డీ రెండు చోట్ల వంగాలి, వంపు దగ్గర రింగులు పట్టేస్తాయి. అందుకని మూడు కడ్డీలు విడివిడిగా వేసి, మూలల దగ్గర ఒకదాని గుడ్డ ఇంకొకదాని మీదికి వచ్చేట్టు చూడాలి. లేకపోతే మూలల్లో వెలుతురు గీత పడుతుంది. ముందు పలక అరవై అంగుళాలు, పక్క పలకలు నలభై, నలభై. పరదా కుచ్చులతో నిలబడాలంటే గుడ్డ ఇంతకు రెట్టింపు కావాలి. కుచ్చు లేని పరదా ఆరేసిన దుప్పటి లెక్క ఉంటుంది, గాలికి పక్కకు తొలిగిపోతుంది.

దొర గది మధ్యలో కుర్చీ వేయించుకుని నన్నే చూస్తున్నాడు. పక్క గది తలుపు ఓరగా ఉంది, దాని వెనక దొరసాని ఉందని గాజుల చప్పుడును బట్టి తెలిసింది. నేను అంకెలు పైకి చెప్పుకుంటూ రాసుకునే అలవాటున్నవాణ్ని.

“బొజ్జ ముందర అరవై,” అన్నాను. “బొజ్జ పక్క నలభై.”

గాజులు ఆగాయి.

“ఏమన్నవ్ రా?”

నాకు అప్పుడు తెలిసింది ఏమన్నానో. కిటికీ వైపు తిరిగే ఉన్నాను కాబట్టి నా మొహం ఆయనకు కనపడలేదు. “బుర్జు అన్న దొరా.”

“బుర్జు అన్నవా?”

“బుర్జే.”

తలుపు వెనక నుంచి తుమ్ము లాంటిది ఒకటి వినపడింది. దొర ఆ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, ధోవతి సర్దుకుని, చేతులు పొట్ట మీది నుంచి తీసి కుర్చీ చేతుల మీద పెట్టాడు. ఆ కిటికీ పేరు ఆయనకు కొత్త కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లుగా తెలిసే బుర్జు బుర్జు అంటున్నాడు.

“ఎంత గుడ్డ వడ్తది?” అన్నాడు, గొంతు పెంచి.

“పదారు గజాలు దొరా.”

“గజాలేందిర? నా ఇంట్ల గజాలెప్పుడు వచ్చినయ్? మూరల చెప్పు.”

“ముప్పై రెండు మూరలు.”

“ఏ మూర?”

“మామూలు మూర.”

“మామూలు మూర అని ఇంకోటుందా?” కుర్చీలోంచి లేచాడు. చేయి చాచి, మోచేయి దగ్గర రెండో చేత్తో పట్టుకుని, వేళ్ల కొసలు దాటి గాలిలోకి ఇంకో రెండు బెత్తెల దూరం చూపించాడు. “గిది మూర. గీ గడీల ఒక్కటే మూర. కట్టె కాల్చిండ్రు గని, మూర కాల్చిండ్రా?”

ఆ గాలి మూరతో లెక్క వేశాను. “ఇరవై నాలుగు.”

“గట్ల చెప్పు.”

నేను ఒకసారి చెప్పాను, ఒక్కసారే. “జనగామ దుకాణాలల్ల గజంతోని కోస్తరు దొరా. గడీ మూర వాళ్లకు తెల్వదు. పదారు గజాలని చెప్తెనే మంచిది.”

“మా తాత కాడికెల్లి జనగామ సావుకార్లు మా మూరతోనే కోసిండ్రు. నువ్వు పట్నంల నాలుగు దినాలుండొచ్చి నాకు మూర నేర్పుతవా? ఇరవై నాలుగు. ఒక్క బెత్తెడు ఎక్కువ రావొద్దు. ఎక్కువదంత మీ మేరోళ్ల ఇంట్ల తేల్తది.”

ఆ మాటతో నాకు రెండోసారి చెప్పే కోరిక పోయింది.

తర్వాత రంగు. ఇది కొలత కన్నా ఎక్కువ సేపు పట్టింది. దొర ఒక్కొక్క రంగు తీసేసుకుంటూ పోయాడు. ఎర్రది ఎట్లాగూ వద్దు. పసుపు నిజాం జెండా రంగు, క్యాంపు ఆఫీసరు చూస్తే ఇంకా వాళ్ల మనిషినే అనుకుంటాడు. ఆకుపచ్చ చూస్తే రజాకార్లకు అన్నం పెట్టిన దినాలు ఊరికి యాదికొస్తాయి. తెల్లది కడితే లొంగిపోయినట్టు. ఖాకీ కడితే గడీ కూడా క్యాంపే అనుకుని దళం వాళ్లు తుపాకి పెడతారు. నల్లది చావు. దేశంలో గుడ్డ అంతా ఈయన మీద పగబట్టినట్టే ఉంది. దొరసాని తలుపు వెనక నుంచి, “మా మానుకోట ఇంట్ల పూల గుడ్డలుంటయి, కిటికీలకు,” అంది.

“పూలు పీనుగ మీద ఏసుకుంటరు,” అన్నాడు దొర.

తలుపు మూసుకుంది. చివరికి నీలం మిగిలింది. నీలం ఎవరి జెండానో దొరకు తట్టలేదు.

గుడ్డ తేవడానికి నన్నూ ఒక ముసలి జీతగాణ్నీ ఎడ్లబండి మీద జనగామ పంపారు. నేను గుడ్డ నాణెం చూడాలి, అతను నన్ను చూడాలి. జనగామ బజారులో పెద్ద దుకాణానికి పోయాం. అరల్లో ఒక అర ఖాళీగా ఉంది. అది ఎర్ర తానుల అర అని సావుకారే చెప్పాడు. ఎవరు కొన్నారని పోలీసులు వచ్చి వచ్చి అడుగుతుంటే విసిగి తీసి లోపల పెట్టాడట. ఆఖరుకు పెండ్లికూతురి చీరెలకు కూడా ఇవ్వడం లేదట.

నీలం తానులు మూడు పరిచాడు. ఒకటి పల్చన, అవతల చేయి కనపడుతుంది. ఒకటి నీళ్లు తగిలితే రంగు పోయేది. తడి వేలితో రుద్ది చూసి పక్కకు నెట్టాను. మూడోది మందంగా, గట్టి నేత, పన్నా, అంటే వెడల్పు, ముప్పై ఆరు అంగుళాలు. అది సరే అన్నాను.

“ఎంత కొయ్యాలె?” అన్నాడు సావుకారు.

“ఇరవై నాలుగు మూరలు,” అన్నాడు జీతగాడు. “గడీ మూర.”

సావుకారు కత్తెర పక్కన పెట్టి నవ్వాడు. “గడీ మూరనా? కట్టె తెచ్చినవా?”

“కట్టె యాడిదన్నా. సంఘపోళ్లు పొయ్యిల వెట్టిరి.”

“మరి కట్టె లేంది నేను ఎట్ల కొల్వాలె? దొర చేయి కోసుకొస్తివా?” దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. “ఎన్కట ఆ కట్టె వట్టుకొచ్చి మా నాయిన నెత్తి మీద గుద్దినట్టు కొలిపిచ్చుకునేటోళ్లు. గిప్పుడు నా దుకాణంల నా గజమే. ఇరవై నాలుగు మూరలంటె పన్నెండు గజాలు. కొయ్యాల్నా వద్దా?”

“పదారు గజాలు వడ్తది,” అన్నాను.

జీతగాడు మొదటిసారి నా మొహం చూశాడు. “దొర ఎంత చెప్పిండు పోరడా? ఇరవై నాలుగు. బెత్తెడు ఎక్కువ తేవద్దన్నడు. తోలు నీది గాదు, నాది.” సావుకారు వైపు తిరిగి, “ఇరవై నాలుగు కొయ్,” అన్నాడు.

కోశాడు. పన్నెండు గజాలు. గుడ్డ చిరిగిన చప్పుడు విని నేను లెక్క మళ్లీ చూసుకున్నాను. పరదా నిలువు డెబ్బై రెండు అంగుళాలు. ఎనిమిది ముక్కలు కావాలి. ఈ గుడ్డలో ఆరే వస్తాయి. కిటికీలో నాలుగో వంతు తెరిచే ఉంటుంది.

గడీకి వచ్చి దొర ముందే ఆరు ముక్కలు నేల మీద పరిచి చూపించాను. మిగతా రెండు ముక్కల జాగా ఖాళీగా ఉంది.

“రెండు ఏమైనయ్?”

“సావుకారి మూరకు ఆరే వచ్చినయ్.”

“ఏమైనయ్ అంటున్న.” దొర జీతగాణ్ని చూశాడు. జీతగాడు కిందికి చూశాడు. నేను బండిలో గుడ్డ పక్కన కూర్చోలేదనీ, గుడ్డ తన ఒళ్లోనే ఉందనీ అతను చెప్పవచ్చు. చెప్పలేదు. తోలు అతనిది.

దొర మనుషులు మా ఇంటి మీద పడ్డారు. జొన్న కుండలు బోర్లించారు, బాపు గుడ్డముక్కల గంప వాకిట్లో కుమ్మరించారు. ఎవరెవరి రవికెలనుంచో మిగిలిన చిన్న చిన్న ముక్కలు, అవ్వ బొంతకు దాచుకున్నవి, గాలికి వీధంతా పోయాయి. నీలం పోగు కూడా దొరకలేదు. పోయేటప్పుడు ఒకడు అన్నాడు, “ఆయితారం లోపల కిటికీ ముయ్యాలె. లేకపోతె మిషిను క్యాంపుకు. గుడ్డ ఎట్ల సరిపోతదో అది మీ పని.”

అవ్వ వీధిలో ముక్కలు ఏరుకుంటూ బూతులు తిట్టింది. దొరను ఒక్కణ్నే కాదు, నన్నూ, నా చదువునూ, టేపునూ కలిపి. “కొలిచిండట, కొలిచిండు! కొల్వనన్న కొల్వకపోతివి!”

బాపు అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు. “ఆరింటితోని ఎట్లన్న అయితదా?” అన్నాడు తల ఎత్తకుండా.

అయితే అవుతుంది, కుచ్చు లేకుండా. గాలి వచ్చినప్పుడల్లా తొలుగుతుంది, దొర ఒప్పుకోడు. నేను కాగితం మీద కిటికీ మళ్లీ గీశాను. మూడు పలకలు, వాటి వెంట నూట నలభై అంగుళాలు. గీస్తూ ఉంటే ఇన్ని దినాలుగా ఎవరూ కొలవమనని గీత ఒకటి కనపడింది. బొజ్జ గదిలోకి తెరుచుకునే చోట, ఈ గోడ అంచు నుంచి ఆ గోడ అంచు దాకా. కిటికీ నోరు. అది సూటి గీత. కడ్డీ వంగనక్కర లేదు. పొడవు వంద అంగుళాలు. రెట్టింపు రెండు వందలు. ఆరు ముక్కలు కలిపితే రెండు వందల పదహారు. కుచ్చుకు కుచ్చు, అంచుల మడతకు మడత సరిపోతుంది.

పరదా నోటికి అడ్డంగా కడితే గదిలో ఉన్న మనిషి ఊరికి కనపడడు. దొర అడిగింది అదే. కాని బొజ్జ మొత్తం పరదాకు బయట పడుతుంది, మూడు దిక్కుల అద్దాలతో. పరదా సందులోంచి వీధి చూద్దామంటే అద్దం ఇంకా మూడడుగుల అవతల ఉంటుంది, కింద నడుమెత్తు గోడ అడ్డం ఉంటుంది. చూపు గీత గీసి చూశాను. అది గడీ ముందు బాటకు తగలదు. ఎదుటి ఇండ్ల కప్పుల మీదుగా పోయి తాటిచెట్లకు తగులుతుంది. బాట చూడాలంటే మనిషి పరదా దాటి బొజ్జలోకి పోయి నిలబడాలి. నిలబడితే ఊరంతటికీ కనపడతాడు.

ఈ బొమ్మ బాపుకు చూపించాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “వాడు కనుక్కుంటె?”

“కనుక్కునేలోపల మిషిను మనింట్ల ఉండాలె.”

బాపు సూదిని బొంతలో గుచ్చాడు. “పా,” అన్నాడు.

కుట్టడానికి మిషిను గడీలోనే, కింది వసారాలో పెట్టించారు, జీతగాణ్ని కాపలా ఉంచి. బాపు కూర్చుని పిడి పట్టుకున్నాడు. అరిగిన చోటే అరచేయి పడింది. గడీవాళ్లు నూనె వేయలేదు, మొదటి కుట్టు కీచుమంది. బాపు తన నెత్తికి రాసుకునే నూనె వేలితో తీసి వేశాడు. పరదాను రెండు భాగాలుగా కలిపి, నడుమ కలుసుకునే అంచు మడతలు రెండు కుట్లతో బందోబస్తుగా కుట్టాడు. దొర గుడ్డ మీద అంత మంచి కుట్టు ఎందుకని నేను లోపల లోపల మండిపోయాను. పైకి అన్నాను కూడా. “చెడగొట్టి కుట్టుడు నాకు రాదు,” అన్నాడు బాపు, అది కూడా కోపంగానే.

క్యాంపు బండి రావడానికి ఒక దినం ముందు, శనివారం పొద్దున, కడ్డీ బిగించాను. దొర కచేరిలో గడ్డం గీయించుకుంటున్నాడు. పరదా తొడిగి, నోటికి అడ్డంగా లాగి చూశాను. చక్కగా పడింది, గది సగం చీకటైంది. అప్పుడు పక్క తలుపు తెరుచుకుని దొరసాని వచ్చింది. ఆమెను ఎదురుగా చూడడం నాకు అదే మొదలు. నేను గోడ వైపు తిరిగాను, అది కూడా గడీ ఆచారమే. ఆమె పరదా ఎత్తి బొజ్జలోకి చూసింది, మళ్లీ వదిలింది.

“అద్దాల కాడ గట్టాలె గద. లోపలంగ గట్టినవేంది?”

“గాలి ఆడ్తదని, దొర్సానీ.”

“గాలికా?” అంది. ఆమె పరదా ఇంకోసారి ఎత్తింది, ఈసారి బాట వైపు వంగి చూసిందని నీడను బట్టి తెలిసింది. అర్థమైపోయింది అనుకున్నాను. అంతలో సగం గీసిన గడ్డంతోనే దొర మెట్లెక్కి వచ్చాడు.

“ఎట్లుంది?” అన్నాడు ఆమెతో.

“మంచిగనే ఉంది,” అంది దొరసాని. “పూలుంటె ఇంకింత మంచిగుండు.” లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఎందుకట్లా అందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకు మా మీద దయ ఉందని మాత్రం నేను నమ్మను. అదే వారం మా అవ్వతో ఊరికే నాలుగు బస్తాల మిరపకాయలు తొడిమలు తీయించింది.

దొర పరదా వెనక నిలబడి, జీతగాణ్ని కిందికి పంపి, గట్టిగా అరిచాడు. “కనవడ్తున్ననారా?”

“కనవడ్తలేరు దొరా!”

రెండడుగులు పక్కకు జరిగాడు. “గిప్పుడు?”

“నీలం గుడ్డే కనవడ్తుంది దొరా!”

దొర మొహం విప్పారింది. గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు, కుట్టు లాగి చూశాడు. “చూసినవారా? ఇరవై నాలుగు మూరలు సరిపోయినయా లేదా? పదారు గజాలట, పదారు గజాలు.” నన్ను చూసి కాదు, గాలిలోకి చూసి అన్నాడు. “ఆ మిషిను తీస్కపొమ్మను మీ అయ్యను. ఇంకోపాలి ఎర్రగుడ్డ దానికింద కనవడ్తె మిషినే గాదు, చేతులు గూడ ఉండయి.”

నేను మెట్లు దిగేసరికి బాపు వసారాలోంచి మిషినును తువ్వాల చుట్ట మీద నెత్తికి ఎత్తుకుంటున్నాడు. ఇనుప మిషిను, రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నిలవదు. నేను పడతానన్నాను. ఇవ్వలేదు. దర్వాజ అవతల విడిచిన చెప్పుల దగ్గర ఆగాడు. ఎప్పటిలాగా అయితే వంగి వాటిని చేత్తో తీసుకోవాలి. నేను తీసి పట్టుకోవచ్చు, పట్టుకుంటానని వంగాను కూడా.

“ఉండనియ్,” అన్నాడు బాపు. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు దూర్చి తొడుక్కున్నాడు. నడిచాడు, గడీ ముందు, బాట నడుమ నుంచి, టపటపమని.

బావి దగ్గర ఆడవాళ్లు చేదలు ఆపారు. ఎదుటి అరుగు మీది వాళ్లు లేచి నిలబడ్డారు. పైన చప్పుడు విన్నట్టుంది, పరదా కదిలింది. దొర సందులోంచి చూసి ఉంటాడు. ఆయనకు తాటిచెట్లు కనపడి ఉంటాయి. చప్పుడు ఆగలేదు. పరదా విప్పుకుని బొజ్జలోకి వచ్చాడు. ముందు పొట్ట, తర్వాత మనిషి. మూడు అద్దాల మధ్య, పొద్దుటెండలో, బనీను, ధోవతి, సగం గీసిన గడ్డం, అన్నీ కనపడుతూ నిలబడ్డాడు. ఆ పిలుపు మా ఊరు ఎన్నో ఏండ్లుగా విన్నది. పిలిచే నోరును చూడడం అదే మొదటిసారి.

“మేరోడా! చెప్పులు!”

బాపు ఆగాడు. నెత్తి మీద మిషిను ఉంది కాబట్టి మెడ ఎత్తలేదు, ఒళ్లంతా తిప్పి కిటికీ వైపు చూశాడు.

“చేతులు ఖాళీ లేవు దొరా,” అన్నాడు.

బావి దగ్గర ఒక ముసలావిడ, మా ఇంటి పక్కామె, గొంతు తగ్గించకుండానే అంది, “ఓయమ్మ, బొజ్జ కిటికీల బొజ్జ కనవడ్తున్నదే!” చేదతాడు పట్టుకున్న ఇంకొకామె పక్కుమంది. ఆ నవ్వు అరుగు దాకా పోయింది. దొర కిందికి చూశాడు, బాపు వైపు కాదు, వాళ్ల వైపు. వాళ్లంతా తననే చూస్తున్నారు. ఒక్కరూ కళ్లు దించలేదు. ఆయన చేయి వెనక్కి పోయి పరదాను తడుముకుంది. సందు వెంటనే దొరకలేదు. బాపు రెండు కుట్లు వేసి కుట్టిన అంచు అది, గట్టిగా కలుసుకుని ఉంటుంది.

దొరికాక లోపలికి పోయాడు. బాపు చెప్పులతోనే మలుపు దాటాడు. నేను అక్కడే నిలబడి కిటికీని చూశాను. నీలం గుడ్డ కాసేపు ఊగి ఆగింది. దాని వెనక ఆయన నిలబడి చూస్తూ ఉన్నాడని నాకు తెలుసు. అక్కడి నుంచి బాట కనపడదని కూడా తెలుసు. కొలిచింది నేనే.